చేతులెన్ని, పిల్లలెందరు

ఉర్దూ మీడియంలో చదువుకున్న నాకు లెక్కల పుస్తకంలో రేషియో అనే మాట ఎప్పుడూ తగల్లేదు. మాకు అది నిస్బత్. నాలుగు మామిడిపళ్ళు, రెండు నారింజలు, వాటి నిస్బత్ ఎంత అని ఉస్తానీ బోర్డు మీద రాసేది. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే నిష్పత్తి అయింది. పత్రికాఫీసులో చేరాక రేషియో అయింది. మూడింటిలో నాకు మొదటి మాటే ఇష్టం. ఎందుకంటే మన ఇళ్ళల్లో నిస్బత్ అంటే లెక్క ఒక్కటే కాదు. అమ్మాయికి పెళ్ళిమాట ఖాయమైతే నిస్బత్ కుదిరింది అంటాం. ఒకరికి ఇంకొకరితో ఉండే తాల్లుఖ్ కూడా నిస్బతే.

ఈసారి రాయాలనుకుంటున్నది ఆ రెండు అర్థాలూ కలిసిపోయిన ఒక లెక్క గురించి. ఒక ఆడమనిషి తన ఇంట్లో, తన రెండు చేతులతో, ఎంతమంది పిల్లల్ని చూసుకోగలదు? ఈ సవాల్‌కి ఒక సర్కారు అంకె వేసి చెప్పింది. ఆ అంకె మా ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళ మధ్య మూడు నెలలు మాటల్లేకుండా చేసింది.

మేం నలుగురం. ఆపా పెద్దది, తర్వాత భాయ్, తర్వాత నేను, అందరికన్నా చివర ఛోటీ. నలభై దాటినా ఇంట్లో అందరికీ ఇంకా ఛోటీయే. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగంతో అమెరికా వెళ్ళింది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో ఉంటారు. అక్కడ మన తెలుగువాళ్ళూ, హైదరాబాదీలూ బాగానే ఉన్నారు. మొదట్లో కొన్నేళ్ళు వీసా వల్ల ఛోటీకి పనిచేసే ఇజాజత్ లేదు. గ్రీన్‌కార్డు వచ్చాక ఇంట్లోనే డేకేర్ పెట్టుకుంది. హాలు, పక్కగది, వెనక చిన్న పెరడు. ట్రైనింగ్ తీసుకుంది, వేలిముద్రలిచ్చింది, టీబీ పరీక్ష చేయించుకుంది, పిల్లల గొంతులో ఏదైనా అడ్డం పడితే ఏం చేయాలో బొమ్మ మీద నేర్చుకుంది. లైసెన్సు గోడకి తగిలించింది. ఆ ఫోటో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే అమ్మీ దానికి దిష్టి తగలకుండా దువా చదివి ఊదింది.

ఆపా కూతురు కూడా అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కిందటేడాది బాబు పుట్టాడు. సెలవు అయిపోతోంది, మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాలి. బాబుని ఎక్కడ పెట్టాలన్న ఆలోచన ఆపాకి రానేలేదు. ఖాలా ఇల్లు ఉండగా బయటివాళ్ళెందుకు? ఇక్కడ కర్నూల్లో కూర్చుని ఆపా అన్నీ నిర్ణయించేసింది. ఛోటీకి ఫోన్ చేసి చెప్పింది. అడగలేదు, చెప్పింది.

ఛోటీ కాసేపు మాట్లాడలేదట. తర్వాత, "ఆపా, నా దగ్గర జాగా లేదు" అందట.

"ఇంట్లో జాగా లేదా?"

"ఇంట్లో ఉంది. లైసెన్సులో లేదు."

ఆ సాయంత్రం ఆపా మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా సరిగా విడవకుండా సోఫాలో కూలబడి ఒకటే మాట అంది. "మైచ్ పాలీ ఉస్కు. అబ్ మేరే నవాసే కు జగా నై బోల్‌రీ."

నేనే పెంచాను దాన్ని. ఇప్పుడు నా మనవడికి చోటు లేదంటోంది. ఈ మాటలో అబద్ధం లేదు. అందుకే మాకెవరికీ జవాబు దొరకలేదు.

అమ్మీ నా వైపు చూసింది. "నువ్వు పేపర్‌లో రాసేదానివి కదా, ఆ ఖానూన్ ఏంటో చదివి మీ ఆపాకి అర్థమయ్యేట్టు చెప్పు" అంది. చదివాను. ఆపాకి చెప్పినట్టే మీకూ చెప్తాను.

కాలిఫోర్నియాలో ఇంట్లో నడిపే డేకేర్‌కి రెండు రకాల లైసెన్సులు. చిన్నది, పెద్దది. ఛోటీది చిన్నది. చూసుకునేది ఆమె ఒక్కతే. చిన్న లైసెన్సులో మూడు దారులున్నాయి. అందరూ రెండేళ్ళ లోపు చంటిబిడ్డలే అయితే 4 గురు, అంతకు మించి ఒక్కరు కూడా వద్దు. కలిపి చూసుకుంటే మొత్తం 6 గురు, అందులో చంటిబిడ్డలు 3 కి మించకూడదు. లేదా మొత్తం 8 మంది వరకు వెళ్ళొచ్చు, కానీ వాళ్ళల్లో ఒకరు కిండర్‌గార్టెన్ లేదా బడికి వెళ్తూ ఉండాలి, ఇంకొకరికి కనీసం 6 ఏళ్ళుండాలి, చంటిబిడ్డలు 2 కి మించకూడదు. గమనించారా? మొత్తం పెరిగేకొద్దీ చంటిబిడ్డలు తగ్గుతున్నారు. ఎత్తుకోవాల్సిన పిల్లలు ఎక్కువైతే నడిచే పిల్లలు తక్కువ ఉండాలి, నడిచే పిల్లలు ఎక్కువైతే ఎత్తుకోవాల్సిన పిల్లలు తక్కువ ఉండాలి. రాసింది ఎవరో గానీ, పిల్లల్ని ఎత్తుకున్న మనిషిని దగ్గర్నుంచి చూసి రాశారు.

ఇంకోటి ఉంది. చూసుకునే ఆమెకి సొంత పిల్లలుంటే, ఆ ఇంట్లో ఉండే 10 ఏళ్ళలోపు వాళ్ళందరూ ఈ లెక్కలోకే వస్తారు. ఛోటీకి కొడుకు 8 ఏళ్ళవాడు, కూతురు 5 ఏళ్ళది, కిండర్‌గార్టెన్‌లో ఉంది. అంటే మొదలుపెట్టక ముందే రెండు చోట్లు నిండిపోయాయి. ఆ ఇద్దరి వల్లే ఆమెకి 8 మంది దారి దొరికింది. వీళ్ళిద్దరు, ఇద్దరు చంటిబిడ్డలు, ఇంకా నలుగురు చిన్నపిల్లలు. ఎనిమిది పూర్తి.

ఆపా మనవడు వస్తే తొమ్మిదోవాడు. పైగా మూడో చంటిబిడ్డ. రెండు గీతలూ దాటినట్టే. పోనీ ఆరుగురి దారికి మారదామంటే ముగ్గురు చంటిబిడ్డల్ని పెట్టుకోవచ్చు. కానీ అప్పుడు సొంత పిల్లలు ఇద్దరూ, చంటివాళ్ళు ముగ్గురూ పోగా ఒక్కరికే చోటు. ఇప్పుడున్న నలుగురిలో ముగ్గుర్ని వాళ్ళ అమ్మల చేతుల్లో పెట్టి పంపేయాలి. ఆ అమ్మలు కూడా ఆఫీసులకి వెళ్ళేవాళ్ళే.

"చుట్టాల పిల్లాడికి కూడా లెక్కేనా?" అని భాయ్ అడిగాడు. అదీ చూశాను. తన పిల్లలు కాక ఒక్క కుటుంబం పిల్లల్ని మాత్రమే చూసుకునేట్టయితే ఆ రాష్ట్రంలో లైసెన్సే అక్కర్లేదు. ఛోటీ డేకేర్ మూసేసి ఆపా మనవడిని ఒక్కడినే చూసుకోవచ్చు. కానీ లైసెన్సు పెట్టుకుని పదిమందికి తలుపు తీశాక వచ్చిన ప్రతి బిడ్డా ఒక అంకె. ఇన్‌స్పెక్టర్లు ముందు చెప్పకుండా వస్తారు. తలలు లెక్కపెడతారు. పెద్ద తప్పు దొరికితే ఆ కాగితాన్ని 30 రోజులు గోడమీద అంటించి ఉంచాలి. లైసెన్సు తగిలించిన గోడే. అమ్మీ దువా చదివిన గోడే.

పెద్ద లైసెన్సు తీసుకోమంది ఆపా. దానికి ముందు చిన్నదాంట్లో ఏడాది అనుభవం కావాలి, ఫైర్ వాళ్ళు వచ్చి ఇల్లు చూసి ఒప్పుకోవాలి, పక్కన ఒక అసిస్టెంటుని పెట్టుకోవాలి. అప్పుడు 12 మంది, కొన్ని షరతులతో 14 మంది. అయితే ఇద్దరు మనుషులున్నా చంటిబిడ్డలు 12 మందిలో 4 కి, 14 మందిలో 3 కి మించకూడదు. నాకు మొదట ఇది వింతగా అనిపించింది. చేతులు రెట్టింపైతే చంటిబిడ్డలు కూడా రెట్టింపు కావాలి కదా? ఛోటీయే చెప్పింది: "బాజీ, ఇల్లు అంటుకుంటే ఏం చేస్తావో ఆలోచించుకో. పెద్దపిల్లల్ని కేకేస్తే పరిగెత్తుతారు. చంటివాళ్ళని ఎత్తుకోవాలి. నేను ఒక ట్రిప్పులో ఎంతమందిని ఎత్తుకోగలను?"

ఆ తర్వాత నేను రూల్స్ గురించి ఇంకేం అడగలేదు.

ఇదే లెక్క అన్ని చోట్లా ఉండదు. టెక్సస్‌లో రిజిస్టర్ అయిన ఇంటి డేకేర్‌లో 6 గురు, బడి అయ్యాక వచ్చే పిల్లలు ఇంకో 6 గురు, ఏ వేళలోనూ సొంత పిల్లలతో కలిపి 12 కి మించకూడదు. ఇంగ్లండ్‌లో చైల్డ్‌మైండర్ ఒక్కతే ఉంటే 8 ఏళ్ళలోపు పిల్లలు 6 గురు, అందులో ఇంకా బడి వయసు రానివాళ్ళు ముగ్గురు, ఏడాదిలోపు బిడ్డ మామూలుగా ఒక్కరే. జర్మనీలో ఇంట్లో పిల్లల్ని చూసే ఆవిడ దగ్గర ఒకేసారి 5 గురికి మించి ఉండకూడదు. అంకెలు వేరు. కానీ అన్నిటి వెనకా ఉన్న మాట ఒకటే. ప్రేమకి హద్దు లేకపోవచ్చు, చేతులకి ఉంది.

ఇదంతా చెప్తే ఆపా ఓపిగ్గా విన్నది. చివరికి ఒక్క మాట అంది. "మన దాదీమా ఇంట్లో పదకొండు మంది పిల్లలం. ఏ లైసెన్సు ఉండిందని?"

నిజమే. కర్నూలు పాతబస్తీలో ఆ ఇల్లు నాకు ఇంకా కళ్ళముందే ఉంటుంది. నడిమధ్య చేదబావి, చుట్టూ నాలుగు గదులు, ఒకే దావత్‌కి వచ్చినట్టు ఎప్పుడూ పిల్లలు. దాదీమా, అమ్మీ, ఇద్దరు చాచీలు, పెళ్ళికాని ఫుప్పూ. ఐదుగురు ఆడవాళ్ళు, పదకొండు మంది పిల్లలు. లెక్క వేస్తే ఒక్కొక్కరికి ఇద్దరు, ఒకరు మిగులుతారు. కాలిఫోర్నియా సర్కారు వచ్చి చూసినా మెచ్చుకునే నిస్బత్.

కానీ ఆ ఐదుగురూ పిల్లల కోసం ఖాళీగా కూర్చున్నవాళ్ళు కాదు. దాదీమా కళ్ళు కనిపించక మంచం మీద ఉండేది. ఒక చాచీ పొయ్యి దగ్గర, ఇంకో చాచీ ఎప్పుడూ కడుపుతోనో బాలింతగానో. ఫుప్పూ బట్టలూ నీళ్ళూ. అమ్మీ బట్టలకొట్టు కోసం చీరలకి ఫాల్స్ కుట్టేది, రోజుకి ఇన్ని ఇవ్వాలని ఒప్పందం. మరి పిల్లల్ని ఎవరు చూశారు?

ఆపా చూసింది.

ఛోటీ 1984లో పుట్టింది. అప్పుడు ఆపాకి 11 ఏళ్ళు, ఐదో క్లాసు. నాకు 5 ఏళ్ళు. ఛోటీ పుట్టాక అమ్మీకి జ్వరం పట్టుకుని నెలన్నర లేవలేదు. ఆపా బడి మానింది. నెలన్నర తర్వాత అమ్మీ లేచింది గానీ ఫాల్స్ పేరుకుపోయి ఉన్నాయి. ఉస్తానీ రెండుసార్లు ఇంటికి వచ్చింది. నాకు గుర్తుంది, గుమ్మంలో నిలబడే మాట్లాడేది, చాయ్ తాగమన్నా తాగేది కాదు. "బచ్చీ జహీన్ హై" అనేది. తెలివైన పిల్ల, పాడు చేయకండి అని. అమ్మీ, "ఛోటీ నడక నేర్చుకోగానే పంపిస్తా" అంది. ఛోటీ నడక నేర్చుకుంది. అప్పటికి చిన్నచాచీకి కాన్పు అయింది. ఆ బిడ్డ నడక నేర్చుకునేసరికి ఆపాకి ఓణీ వచ్చింది. ఉస్తానీ మళ్ళీ రాలేదు.

అమ్మీని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. జ్వరంతో ఉన్న మనిషి, రోజుకూలీ పని, చంకలో పసిగుడ్డు. ఆ ఇంట్లో ఎవరి దగ్గరా ఇంకో చెయ్యి లేదు. అందుకని ఉన్న పిల్లల్లోంచే ఒక పిల్లని తీసి చెయ్యిగా మార్చుకున్నారు. మా మొహల్లాలో చాలా ఇళ్ళల్లో ఇదే జరిగింది. మీ ఇళ్ళల్లోనూ వెతికితే ఒక ఆపా దొరుకుతుంది. ఎవరి నడుం మీద ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండి, ఆ నడుం ఒక పక్కకి వంగిపోయి, ఫోటోల్లో కూడా అలాగే వంగి నిలబడే పిల్ల.

మనం అనుకుంటాం, ఉమ్మడి కుటుంబంలో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరిగిపోయారని. ఏ పిల్లా తనంతట తాను పెరగలేదు. ఎవరో ఎత్తుకున్నారు. ఆ ఎత్తుకున్నవాళ్ళని లెక్కలో రాయలేదు, అంతే.

ఆపాకీ ఛోటీకీ మాటల్లేకుండా మూడు నెలలు గడిచాయి. చివరికి ఆపా కూతురే దారి వెతికింది. అమెరికాలో మన తెలుగువాళ్ళంతా వెతికే దారే. అమ్మకి విజిటర్ వీసా. ఆరు నెలలు ఈ అమ్మమ్మ, తర్వాత ఆరు నెలలు ఆ నానమ్మ. విమానాశ్రయాల్లో మోకాళ్ళ నొప్పులతో, ఊరగాయ డబ్బాలతో నిలబడే ఆ ముసలి ప్రాణాలన్నీ డ్యూటీకి పోతున్నవే. మా ఆపా 52 ఏళ్ళ వయసులో మొదటిసారి విమానమెక్కింది. ఎందుకు? మళ్ళీ ఒక బిడ్డని ఎత్తుకోవడానికి. ఈసారి నిస్బత్ ఒకటికి ఒకటి.

వెళ్ళిన రెండు వారాలకి ఛోటీ ఇంటికి వెళ్ళింది. తప్పదు కదా, చెల్లెలి ఇల్లు. పగలంతా అక్కడే కూర్చుంది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. అలక గురించి ఏం మాట్లాడలేదు. చూసింది చూసినట్టు చెప్పింది. ఛోటీ దగ్గర ఒక కాగితం ఉందట. చంటిబిడ్డలు నిద్రపోతుంటే ప్రతి 15 నిమిషాలకి ఒకసారి వెళ్ళి చూసి, చూశానని రాసుకోవాలట. ఊపిరి, ఒంటి రంగు, వేడి. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి, తొట్టిలో దిండూ దుప్పటీ ఏమీ ఉండకూడదు. "నిద్రపోయే బిడ్డకి కూడా హాజరు వేస్తోంది" అంది ఆపా. నవ్విందో మెచ్చుకుందో తెలియలేదు.

కాసేపాగి ఇంకో మాట అంది. "దాని కూతురు ఒక బిడ్డకి పాలసీసా పట్టబోతే ఛోటీ వద్దంది. నీ పని కాదు, పోయి ఆడుకో అంది. ఆ పిల్ల కూడా లెక్కలో ఉందటే. పని చేసేవాళ్ళ లెక్కలో కాదు, చూసుకోవాల్సిన వాళ్ళ లెక్కలో."

నాకు తెలిసి ఖానూన్‌లో ఈ ఒక్క ముక్కని మా ఆపా అర్థం చేసుకున్నంతగా ఏ వకీలూ అర్థం చేసుకోలేడు. ఆ రాష్ట్రంలో పెద్ద లైసెన్సు ఇంట్లో అసిస్టెంటుగా నిలబడాలంటే కనీసం 14 ఏళ్ళుండాలి. 10 ఏళ్ళలోపు ఇంటి పిల్ల అయితే ఆమే ఒక బిడ్డ, ఆమెకీ ఒక చోటు పోతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల వాళ్ళ కాగితంలో బిడ్డ. మా దాదీమా ఇంట్లో ఆమె చెయ్యి. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు మాటలు కలిశాయా అంటే, కలిశాయి. ఎవరూ ఎవరికీ మాఫీ చెప్పలేదు. ఆగస్టులో ఛోటీ దగ్గరున్న ఒక పాప కిండర్‌గార్టెన్‌కి వెళ్ళిపోతుంది. ఆలోపే చంటివాళ్ళిద్దరిలో ఒకడికి రెండేళ్ళు నిండుతాయి. అప్పుడు రెండు గీతల్లోనూ చోటు దొరుకుతుంది. ఆపా తిరిగి వచ్చే నెలా అదే. ఇన్షాల్లా, మనవడు ఖాలా దగ్గరికి వెళ్తాడు, ఎనిమిదోవాడిగా.

అయితే ఈ లెక్కకి ఖర్చుంది. అది దాచకుండా చెప్పాలి. ఒక మనిషి తక్కువమంది పిల్లల్నే చూడాలంటే ఆమె బతకడానికి ఒక్కో బిడ్డకి ఎక్కువ తీసుకోవాలి. ఆ ప్రాంతంలో చంటిబిడ్డకి నెలకి వెయ్యి డాలర్ల పైనే అవుతుంది. ఇద్దరు పిల్లలైతే జీతంలో సగం అటే. లెక్క వేసుకుని ఉద్యోగం మానేసిన అమ్మలున్నారు. డిగ్రీలు ఫైల్లో పెట్టేసి ఇంట్లో కూర్చున్న మన ఆడపిల్లలు ఆ ఊళ్ళో ఎంతమందో ఛోటీ చెప్తుంటుంది. ఎక్కువ చేతులకి ఎవరో ఒకరు డబ్బు కట్టాల్సిందే. అక్కడ అమ్మానాన్నలు కడుతున్నారు.

ఇక్కడ ఎవరు కడుతున్నారు?

మన దేశంలో అంకెలు లేకపోలేదు. 2013లో కేంద్రం తెచ్చిన బాల్య సంరక్షణ, విద్య విధానంలో మూడేళ్ళలోపు పిల్లలు 10 మందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళు 20 మందికి ఒకరు ఉండాలని రాశారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట క్రెష్ ఉండాలని ఉండేది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది లేదా ఆపైన పనిచేసే సంస్థల్లో క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చనీ చేర్చారు. కానీ ఇవన్నీ ఫ్యాక్టరీ గేటుకీ ఆఫీసు గేటుకీ లోపలి మాటలు. మన మొహల్లాలో ఆడవాళ్ళు పనిచేసేది అలాంటి గేట్లున్న చోట కాదు. చిన్న ప్రైవేటు స్కూల్లో టీచరు, నర్సింగ్‌హోంలో ఆయా, బట్టలకొట్లో సేల్స్‌గర్ల్, నాలుగు మిషన్లున్న టైలరింగ్ షాపు. వాళ్ళ పిల్లలు ఎక్కడుంటారు?

మా వీధి చివర ఒక ఖాలా ఉంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పొద్దున ఎనిమిదికి తలుపు తీస్తుంది, సాయంత్రం ఆరింటికి వేస్తుంది. పెన్నూ డైరీ లేకుండా, పక్కింటావిడతో కలిసి నేను ఒకరోజు ఆ ఇంట్లో కూర్చున్నాను. 11 మంది పిల్లలు. అందులో పాకేవాళ్ళూ, అసలు పాకడం రానివాళ్ళూ కలిపి ఐదుగురు. దూలానికి రెండు చీర ఉయ్యాలలు. గుమ్మానికి అడ్డంగా పడుకోబెట్టిన బెంచీ, ఎవరూ రోడ్డు మీదికి పోకుండా. ఇల్లు శుభ్రంగా ఉంది. ఖాలా మంచి మనిషి. ఒక బిడ్డకి విరేచనమైతే మొహం చిట్లించకుండా ఎత్తుకుని కడిగింది. ఆమె కడుగుతున్నంతసేపూ ఇంకో బిడ్డ ఉయ్యాల్లో ఏడుస్తూనే ఉంది. ఇంకొకడు నేలమీద దొరికినదాన్ని నోట్లో పెట్టుకున్నాడు, పక్కింటావిడ వేలుపెట్టి తీసింది. మేం లేకపోతే ఎవరు తీసేవారని నేను అడగలేదు. ఖాలాయే అంది. "క్యా కరూఁ బేటీ, దోయిచ్ హాత్ హైఁ."

ఏం చేయను, రెండే చేతులు. ఫ్రీమాంట్‌లో ఛోటీ అన్న మాటే. తేడా ఏంటంటే అక్కడ ఆ రెండు చేతుల్ని ఎవరో లెక్కపెట్టి రాశారు.

ఖాలా ఒక్కో బిడ్డకి నెలకి 800 తీసుకుంటుంది. 11 మందికి 8,800. అందులోనే పాలు, బిస్కెట్లు, కరెంటు. ఐదుగురినే చూసుకోమని మనం నీతి చెప్పొచ్చు. అప్పుడు ఆమెకి వచ్చేది 4,000. అదే 8,800 రావాలంటే ఒక్కో అమ్మ 1,760 కట్టాలి. ఏడు వేల జీతగత్తె ఎక్కడినుంచి తెస్తుంది? కాబట్టి ఆ తక్కువైన డబ్బుని ఇక్కడ వేరేవాళ్ళు కడుతున్నారు. ఉయ్యాల్లో ఏడ్చి ఏడ్చి ఊరుకున్న బిడ్డ కొంత కడుతోంది. ఖాలా నడుం కొంత కడుతోంది. ఇంకొకరు కూడా ఉన్నారు. ఖాలా మనవరాలు, పదేళ్ళది. మేమున్నంతసేపూ ఉయ్యాల ఊపుతూనే ఉంది. ఆరోజు బుధవారం. "బడి లేదా?" అని అడిగితే ఆ పిల్ల ఖాలా వైపు చూసింది. ఖాలా, "నేడు ఒకామె తోడు రాలేదమ్మా, రేపు పోతుంది" అంది. మర్నాడు పొద్దున నేను పాలకి వెళ్తూ చూశాను. ఉయ్యాల ఊగుతోంది.

నేను కంప్లైంట్ రాసి ఆ ఇల్లు మూయించాలనుకోవడం లేదు. ఖాలా తలుపు వేస్తే పదకొండు మంది అమ్మలు పని మానుకోవాలి, లేదా పదకొండు ఇళ్ళల్లో ఒక్కో పెద్దపిల్ల బడి మానుకోవాలి. రూలు ఒక్కటే వచ్చి డబ్బు రాకపోతే జరిగేది అదే. ఖాలాకి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. మనం జమాతుల్లో, కమిటీల్లో పెళ్ళిళ్ళకీ ఫంక్షన్ హాళ్ళకీ చందాలు వేసుకుంటాం. ఒక వీధిలో ఒక ఖాలాకి తోడుగా ఇంకో ఆడమనిషిని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు ఒక వలీమా బిర్యానీలో నాలుగు దేగ్‌లంత కూడా ఉండదు. అంగన్‌వాడీలోనే పగలంతా క్రెష్ నడపమని కౌన్సిలర్ని అడగొచ్చు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు రోడ్డు గురించి అడుగుతాం కదా, ఇదీ అడగొచ్చు.

అదంతా జరిగేలోపు మనం చేయగలిగింది కొంచెం ఉంది. బిడ్డ అమానత్. ఎవరి చేతిలోనైనా పెట్టే ముందు కొన్ని ప్రశ్నలు అడగడం బేఅదబీ కాదు, మన చుట్టమే అయినా సరే. మొత్తం ఎంతమంది ఉంటారు, ఆమె సొంత పిల్లల్నీ బడి వదిలాక వచ్చేవాళ్ళనీ కలిపి? రెండేళ్ళలోపు వాళ్ళు ఎందరు? ఆమె వంటకో, స్నానానికో, నమాజ్‌కో వెళ్తే ఆ పావుగంట ఎవరు చూస్తారు? పిల్లలు నిద్రపోతున్నప్పుడు ఎవరైనా లేచి వెళ్ళి చూస్తారా? ఆమె ఇంక జాగా లేదు అంటే కోపం తెచ్చుకోకండి. అలా అనగలిగిన మనిషి చేతిలో బిడ్డని పెట్టడానికి నాలుగు నెలలు ఆగినా ఫర్వాలేదు.

చివరగా, నీకు తోడు ఎవరున్నారు అని కూడా అడగండి. ఆ మాటకి పరదా వెనకనుంచి ఒక తొమ్మిదేళ్ళ పిల్ల చంకలో బిడ్డనేసుకుని బయటికి వస్తే, ఆ పిల్ల ఏ క్లాసో కూడా అడగండి.